తుడవని మూతి

ఉదయం పదకొండయింది. బయట ఎండ కాస్తోందో ముసురు పట్టిందో ఆపరేషన్ గదిలో ఉన్నవాళ్లకి తెలిసే వీల్లేదు. ఆ గదికి కిటికీలు లేవు. ఛాతీలోకి కెమెరా దించగానే పైనున్న పెద్ద దీపాలు కూడా ఆర్పేస్తారు. ఇక వెలుతురంటే తెర మీద కనబడే ఊపిరితిత్తిదీ, మత్తు డాక్టరు దగ్గర మినుకుమినుకుమనే పచ్చ అంకెలదీ.

బల్ల మీద ఉన్నది ఒక పోస్టుమాస్టరు. ఎడమ ఊపిరితిత్తి పైభాగంలో గడ్డ. దాన్ని తీయాలంటే ముందు అక్కడికి వెళ్లే రక్తనాళాలను ఒక్కొక్కటిగా మూసి తెంపాలి. పెద్దవాటికి పిన్నులు కొట్టే పరికరం ఉంది. అది దూరని ఇరుకులో ఉండే సన్న నాళాలకి ఇంకొకటి వాడతారు. పొడవాటి కాడ, కొసన రెండు దవడలు. వాటి మధ్య నాళాన్ని పట్టి, కాలి కింద మీట నొక్కితే మిషను సన్నగా కూత పెడుతుంది. నాళం గోడలు కాగి, కరిగి, ఒకదానికొకటి అతుక్కుపోతాయి. పని పూర్తయితే కూత ఆగి టిక్ టిక్ అని రెండుసార్లు మోగుతుంది. అది విన్నాకే తెంపాలి.

ఆ దవడల్ని ఆ గదిలో అందరూ 'మూతి' అంటారు. కాల్చిన ప్రతిసారీ మూతికి కాస్త మాడు అంటుకుంటుంది. దాన్ని తడిగుడ్డతో తుడిచి మళ్లీ డాక్టరు చేతికివ్వడం సిస్టర్ పని. మాడు పట్టిన మూతితో కాలిస్తే నాళం చూడ్డానికి అతికినట్టే ఉంటుంది. లోపల మాత్రం అతకదు.

సిస్టర్‌కి పద్దెనిమిదేళ్ల సర్వీసు. చీము చూసినా, పురుగులు పట్టిన పుండు చూసినా మొహం చిట్లించని మనిషి. ఆ మాడంటే మాత్రం ఆవిడకి చచ్చేంత అసహ్యం. గిన్నె అడుగున మాడిన మీగడలా ఉంటుంది. తుడుస్తుంటే గుడ్డ మీదికి జిగటగా సాగుతుంది. వాసన సంగతి చెప్పనే అక్కర్లేదు. మాస్కులోంచి దూరి నాలుక మీద కూర్చుంటుంది. ఇంటికెళ్లి ఎంత తోముకున్నా, అన్నం ముందు కూర్చున్నాక మొదటి ముద్దలో అదే తగులుతుంది. అది అన్నం మాడు కాదు, ఎవరిదో లోపలి మాంసం అని గుర్తొచ్చి కంచం పక్కకి తోసేసిన రోజులెన్నో.

ఆ అసహ్యమే మూడు వారాల కిందట కొంప ముంచింది.

ఆ రోజు ఇదే బల్ల మీద ఒక ముసలి దర్జీ ఉన్నాడు. మత్తు ఇవ్వబోయే ముందు సిస్టర్‌ని దగ్గరకి పిలిచాడు.

"లోపల నరాలు ముడి వేస్తారా తల్లీ, కాలుస్తారా?"

"కాల్చి అతికిస్తాం పెద్దాయనా. మిషనుంది."

"నేనూ అంతేనమ్మా. నైలాన్ తాళ్ల కొసలు కత్తెర కాల్చి నొక్కేస్తాను. కత్తెర మూతికి మసి ఉందనుకో, అతుకు నిలవదు. ప్రతిసారీ తుడవాలి."

"మీరు నిశ్చింతగా పడుకోండి. మేం తుడుస్తాంగా."

తుడిచింది. ఇరవైసార్లు తుడిచింది. దర్జీ ఊపిరితిత్తి పొగచూరి నల్లగా ఉంది, దాని మాడు తారులా అంటుకుంటోంది. ఇరవై ఒకటోసారి ఆవిడ చేయి గుడ్డ దాకా వెళ్లి వెనక్కొచ్చింది. వాంతి గొంతు దాకా వచ్చి ఆగింది. ఈ ఒక్కసారికేం కాదులే అనుకుని, తుడవకుండానే డాక్టరు చేతిలో పెట్టింది.

మర్నాడు సాయంత్రం దర్జీ ఛాతీ గొట్టంలోంచి రక్తం బుడబుడమని సీసాలోకి దిగింది. మళ్లీ ఛాతీ తెరిచేలోపే ప్రాణం పోయింది. విడిపోయింది ఆ ఇరవై ఒకటో అతుకే. ఆ చావు మీద పెట్టిన మీటింగులో, ఆపరేషన్ చేసిన పెద్ద డాక్టరే అడిగాడు, మూతి ప్రతిసారీ తుడిచావా అని. ఆవిడ నీళ్లు నమలకుండానే "తుడిచాను సార్" అంది. నాళమే బలహీనంగా ఉందని రాసుకున్నారు. నిజం చెబితే ఉద్యోగమే కాదు, ఇన్నేళ్ల పేరూ గంగలో కలుస్తుంది.

ఇప్పుడు పోస్టుమాస్టరు. అదే పరికరం, అదే ఎడమ పక్క.

మొదటి నాళం అతికింది. ఆవిడ మూతి తుడిచింది. గుడ్డ మీద చిన్న నల్లటి మరక, అంతే. రెండోదానికి మరక అరచేయంత అయింది. అంత సన్న నాళంలో అంత మాడు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆవిడకి అర్థం కాలేదు. గుడ్డ మార్చి మళ్లీ తుడిచింది. మళ్లీ వచ్చింది. వెచ్చగా... జిగటగా... ఈసారి అందులో ఏదో గట్టిగా వేలికి తగిలింది.

గుడ్డని తెర వెలుతురులోకి తిప్పి చూసింది. నీలం రంగు నైలాన్ దారం ముక్క. కొసన కాల్చి నొక్కిన చిన్న పూస.

అలాంటి దారం ఆ గదిలో ఎవరూ వాడరు.

"మూతి తుడిచావా తల్లీ?"

చెవి పక్కనే. గుసగుసగా. ఆవిడ మత్తు డాక్టరు వైపు తిరిగింది.

"మీరేమైనా అన్నారా?"

"నేనా? మీ సార్ పని చేస్తుండగా నోరు విప్పే ధైర్యం నాకెక్కడిది సిస్టరమ్మా?" అని ఆయన నవ్వి, ముక్కు ఎగబీల్చాడు. "అవును గానీ, ఇవాళ వాసన మరీ పాడుగా ఉందేంటి? పొగ లాగే గొట్టం పనిచేస్తోందా?"

గొట్టం పనిచేస్తూనే ఉంది. అయినా ఆ వాసన దట్టంగా దిగుతోంది. మాడిన మాంసం, దాని కింద తడిబట్ట వాసన, ఇస్త్రీ పెట్టె వేడికి చెమట చొక్కా కాలితే వచ్చే వాసన. ఆవిడ మాస్కు లోపలి వైపు తడిసింది. ఆ తడి పెదవికి తగిలి చేదుగా ఉంది.

తెర మీద పెద్ద డాక్టరు మూడో నాళాన్ని విడదీశాడు. ఆవిడ గుర్తుపట్టింది. దర్జీకి విడిపోయింది సరిగ్గా ఇదే చోట.

ఆయన చూపు తెర మీదే ఉంచి చేయి చాపాడు.

ఆవిడ మూతి తుడిచింది. నలుపు. మళ్లీ తుడిచింది. నలుపు. పక్కనే పళ్లెంలో నల్లబడ్డ గుడ్డలు కుప్పపడుతున్నాయి. మూతి ఊరుతోంది... తినడానికి చూస్తున్న నోరులా... లోపల్నుంచి ఊరుతోంది.

"సిస్టర్, ఇవ్వు."

"సార్... ఇది వద్దు."

"ఏమైంది?"

"మూతి శుభ్రం కావట్లేదు. దారంతో కట్టండి సార్. దయచేసి కట్టండి."

ఆ గొంతులో ఏం వినబడిందో గానీ, పెద్ద డాక్టరు విసుక్కుంటూనే పట్టుదారం అడిగాడు. ఒక ముడి, దాని పక్కన ఇంకో ముడి. ఆ తర్వాత తెంపాడు. చుక్క రక్తం రాలేదు. పోస్టుమాస్టరు గండం గడిచింది. ఆవిడ గుండెల మీద బరువు దిగినట్టయింది.

అప్పుడు కూత మొదలైంది.

మీట మీద ఎవరి కాలూ లేదు. పరికరం పళ్లెంలో పడి ఉంది. దాని మూతి ఖాళీ గాలిని పట్టుకుని బిగుసుకుని ఉంది. కూత ఆగలేదు. రెండు టిక్కులు రాలేదు. మత్తు డాక్టరు లేచి వెళ్లి ప్లగ్గు పీకేశాడు. అప్పుడు ఆగింది.

"పాడైపోయింది, పారేయండి దీన్ని," అన్నాడాయన. ఈసారి నవ్వలేదు.

ఆపరేషన్ అయ్యాక చేతులు కడుక్కునే చోట పెద్ద డాక్టరు ఆవిడ పక్కన నిలబడ్డాడు. కుళాయి కట్టేసి మెల్లగా అడిగాడు.

"ఆ దర్జీ రోజున కూడా ఇలాగే మాడు పట్టిందా? నేను కోప్పడను. వాళ్లింట్లో వాళ్లకి నేను ఏదో ఒకటి చెప్పాలి. నిజం చెప్పు. ఆ రోజు మూతి తుడిచావా?"

నిజం ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. పద్దెనిమిదేళ్లు గుర్తొచ్చాయి.

"తుడిచాను సార్," అంది మాస్కు వెనకనుంచి.

ఆయన చేతులు తుడుచుకుని వరండాలోకి వెళ్లిపోయాడు.

బట్టలు మార్చుకునే గదిలో ఎవరూ లేరు. ఆవిడ మాస్కు తాళ్లు విప్పబోయింది. రోజూ జారుముడి వేస్తుంది, కొస లాగితే ఊడొస్తుంది. ఇవాళ రాలేదు. తడిమి చూసింది. ముడి మీద ముడి. కొసన గట్టిగా, నున్నగా, కాల్చి నొక్కిన పూస.

కత్తెరతో తాడు కోసింది. మాస్కు ఊడి రాలేదు. చర్మాన్ని పట్టుకుని... మెల్లగా... జిగటగా సాగుతూ వచ్చింది. లోపలి వైపంతా నల్లటి మాడు. ఆవిడ సింకులోకి వంగి డోకుకుంది. ఏమీ రాలేదు. తడిగుడ్డతో పెదవులు తుడుచుకుంది. గుడ్డ నల్లబడింది. మళ్లీ తుడుచుకుంది. మళ్లీ నల్లబడింది.

అద్దంలో చూసుకుంది. నోటికి ఎడమ మూల పైపెదవీ కిందిపెదవీ కలిసిపోయి ఉన్నాయి. గోరంత మేర, తెల్లగా, పల్చగా, నిగనిగలాడుతూ. నొప్పి లేదు. రోజూ తెర మీద చూసే అతుకే అది. చక్కగా అతికింది.

చెప్పేయాలి. ఇప్పుడే చెప్పేయాలి. ఆవిడ తలుపు తోసుకుని వరండాలోకి పరిగెత్తింది. పెద్ద డాక్టరు ఆ చివర, మలుపు దగ్గర ఉన్నాడు.

"సార్... ఆ రోజు... తుడవ..."

ఆయన వెనక్కి తిరిగాడు. "ఏంటి సిస్టర్? వినబళ్లేదు."

ఆవిడ వెనక, చీకటి ఆపరేషన్ గదిలోంచి, ప్లగ్గు పీకేసిన మిషను సన్నగా కూత పెడుతోంది. ఆయనకి వినబడుతున్నట్టు లేదు. ఆవిడ నోటి కుడి మూల వెచ్చబడింది. వాసన వచ్చింది.

తర్వాత కూత ఆగి, టిక్ టిక్ అని రెండుసార్లు మోగింది.