వంజరం పిల్లల ఐదో రోజు

2074 నాటికి భీమిలి బడిపిల్లలకు వంజరం చేపంటే గోడ మీద బొమ్మే. సముద్రం వేడెక్కాక ఆ చేప ఇక్కడి వలల్లో పడటం మానేసింది. తీరానికి మూడు మైళ్ల అవతల తేలే హేచరీలో అర్జిల్లి నూకరత్నం పదకొండేళ్లుగా దాన్ని గుడ్డు నుంచి పెంచాలని తంటాలు పడుతోంది.

గుడ్డులోంచి వచ్చిన పిల్ల కనురెప్ప వెంట్రుకంత ఉంటుంది. రెండు రోజులు పొట్టకింది సొన మీద బతుకుతుంది. మూడో రోజు నోరు తెరుచుకుంటుంది. అప్పట్నుంచి దానికి జీవాహారమే కావాలి. కదలనిది కంటికి ఆనదు. అందుకే రోటిఫర్లనే సూక్ష్మజీవుల్ని పెంచి వదులుతారు. వాటిలో సారం తక్కువ. ఆ లోటు తీర్చడానికి వచ్చిన యంత్రమే 'పోషిణి'. చేపపిల్లల పొట్టల్ని కాంతితో చదివి, వాటికి ఏ కొవ్వు కావాలో చూసి, రోటిఫర్లకు ముందుగా ఆ మేత మేపి తొట్టిలోకి వదులుతుంది.

"రత్నం గారూ, ఏడో తొట్టిలో పిల్లలు నాలుగో రోజూ తినలేదు. బతికే అవకాశం సున్నా. ఖాళీ చేయమంటారా?" అడిగింది పోషిణి.

నూకరత్నం భూతద్దం పట్టుకుని వంగింది. ఒక పిల్ల ఒళ్లు వంచి రోటిఫర్ మీదికి ఉరికింది. నోట్లో పట్టక వెనక్కి జారింది. మళ్లీ ఉరికింది.

"ఫరీదా, ఇలా రా. ఇవి తినక కాదే, తినలేక! ఇంకా చిన్నది కావాలి వీటికి. సముద్రంలో కోపిపాడ్ల పిల్లలుంటాయి కదా, పట్టుకొద్దాం."

తోటి శాస్త్రవేత్త ఫరీదా తటపటాయించింది. "రేపు కొత్త గుడ్లొస్తాయక్కా. తొట్టి కావాలి."

"ఒక్క రోజమ్మా."

ఫరీదా సన్నకన్ను వల తీసి పడవలో వేసింది.

సాయంత్రానికి బకెట్ నిండా ఆ నలుసంత రొయ్యజాతి జీవుల్ని తెచ్చారు. పోషిణి వాటిని వడగట్టి, అతి చిన్నవాటినే ఏడో తొట్టిలోకి వదిలింది.

ఐదో రోజు పొద్దున చాలా పిల్లలు అడుగున పడి ఉన్నాయి. ముప్పై ఒకటి మాత్రం ఈదుతున్నాయి. అద్దంలాంటి పొట్టల్లో నారింజరంగు చుక్కలు, తిన్న మేతే. ఫరీదా రెండుసార్లు లెక్కపెట్టి, కళ్లు తుడుచుకుని మూడోసారి లెక్కపెట్టింది.

"సున్నా అన్నావేం, పోషిణీ?" నవ్వుతూ అడిగింది నూకరత్నం.

"నాకు నేర్పిన ముప్పై ఏళ్ల రికార్డుల్లో, నాలుగో రోజు తినని పిల్ల ఒక్కటీ బతకలేదు."

"వాటిలో ఐదో రోజు దాకా ఉంచి చూసినవెన్ని?"

యంత్రం రికార్డులన్నీ మళ్లీ వెతికింది. "ఒక్క తొట్టీ లేదు. అన్నీ నాలుగో రోజే పారబోశారు."

ఆ రికార్డులు తెర మీదికి వచ్చాయి. చివరి పదకొండేళ్లలో ప్రతి పేజీ కిందా నూకరత్నం సంతకమే. ఆమె నవ్వు ఆగిపోయింది. ఎన్ని తొట్లు! చేతులారా ఎన్ని!

ఫరీదా పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేసింది. "నేనూ పారబోశానక్కా."

ఇద్దరూ ఆ ముప్పై ఒక్కటి మీదికి వంగారు.

"రత్నం గారూ, ఆరో రోజు వీటికి ఏం పెట్టాలో నాకు తెలియదు," అంది పోషిణి.

"మాకూ తెలీదమ్మా," అంది నూకరత్నం. యంత్రాన్ని ఆమె అలా పిలవడం అదే మొదలు. "దగ్గరుండి చూద్దాం."