ఎర్రజావ వండని రోజు

ఏటి ఒడ్డు సంతలో మాల్సుక్ ఎర్రజావ రుచి తెలియనివాళ్ళు లేరు. ముప్పై అయిదేళ్ళుగా అదే సందు, ఇల్లూ కొట్టూ ఒకటైన అదే గది, అదే ఇనప బాన, అదే పొడుగు కర్ర గరిటె. ఎర్రగింజలు మెత్తగా ఉడికి బియ్యప్పిండి ఉండలు పైకి తేలే వేళకి ఆ వాసన ఎండుచేపల కొట్లు దాటి ఏటిగట్టు దాకా పోయేది. దోంగ్జీ నాడైతే చెప్పనే అక్కర్లేదు. ఏడాదిలోకెల్లా పొడుగు రాత్రి అది. ఆ రోజు ఎర్రజావ తాగాలి, కాస్త గుమ్మానికి చల్లాలి. ఎరుపంటే దెయ్యాలకి భయం, గడప దాటవు. సంత మొత్తానికీ ఆ చల్లే పని మాల్సుక్‌దే. ఓ గిన్నె, ఓ పైన్ రెమ్మ పట్టుకుని కొట్టుకొట్టుకీ తిరిగేది.

"నీ చెయ్యి పడితే ఏడాదంతా దిగుల్లేదక్కా" అనేది పక్క కొట్టు హ్వాజా. పంది ఎముకల పులుసు అమ్మే మనిషి. మాల్సుక్ కంటే నాలుగేళ్ళు చిన్న, నోరు మాత్రం నాలుగింతలు పెద్ద. ఆ నోరే ఈసారి కొంప ముంచింది.

చలి మొదలయ్యాక ఓ మధ్యాహ్నం ఇద్దరూ కూర్చుని కాబేజీలకి కారం పట్టిస్తున్నారు. మోచేతుల దాకా రబ్బరు తొడుగులు, మధ్యలో పెద్ద ఎర్ర తొట్టి.

"మొన్న తద్దినానికి మా ఆయన వచ్చాడక్కా" అంది హ్వాజా. "పొద్దున చూస్తే గిన్నెలో మందు సగానికి తగ్గింది. బతికుండగా నాకు సగం మిగిల్చిన పాపాన పోలేదు. పోయాక బుద్ధొచ్చింది."

మాల్సుక్ నవ్వలేదు. "మా పిల్ల నారే ఒక్కసారి కూడా రాలేదే. కలలోకైనా రాలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు."

"ఎలా వస్తుందీ? తల నుంచి కాళ్ళ దాకా ఎర్రగింజల వాసనేనాయె నువ్వు. నిన్ను చూస్తే ఊళ్ళో దెయ్యాలన్నీ దణ్ణం పెట్టి పారిపోతాయి."

అనేసి నాలిక్కరుచుకుంది. అప్పటికే మాట వెళ్ళిపోయింది. మాల్సుక్ చేతిలో కాబేజీ అలాగే ఉండిపోయింది.

నారేకి అప్పుడు తొమ్మిదేళ్ళు. అదీ దోంగ్జీ రోజే. బేరం ముమ్మరంగా ఉంది, బాన చుట్టూ జనం. ఏటికి అవతల నాయనమ్మకి జావ పంపాలి. పసుప్పచ్చ సత్తుగిన్నె నిండా పోసి, గుడ్డలో మూటగట్టి, పిల్ల చేతికిచ్చింది మాల్సుక్. వంతెన దూరం. ఏట్లో వరసగా దాటురాళ్ళున్నాయి, పిల్లలంతా వాటి మీదే గెంతుకుంటూ పోతారు. ఆ రోజు రాళ్ళ మీద మంచు పేరింది. మూడో రోజున పిల్లని దిగువన తీశారు. గిన్నె దొరకలేదు.

పంపేటప్పుడు విసుగులో ఓ మాట అంది మాల్సుక్. ఆ మాట మొగుడికి చెప్పలేదు, అతను పోయేదాకా. హ్వాజాకీ చెప్పలేదు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. ఆ రోజు ఆ ఇంట్లో రెండూ జారాయి. దేన్నీ తీసుకోలేకపోయారు.

ఇప్పుడు ఈ హ్వాజా మాట. పిల్ల రాకుండా ఏటేటా గుమ్మానికి అడ్డుకట్ట వేసింది తానేనా? కన్నతల్లే చేజేతులా తలుపేసిందా? ఆ ఆలోచన పట్టుకున్నాక ఆవిడకి తిండి సయించలేదు.

ఈ ఏడు దోంగ్జీకి మాల్సుక్ జావ వండలేదు. గింజల బస్తాలు ముందే ఎవరికో ఇచ్చేసింది. బానని బూడిదతో మూడుసార్లు తోమింది. స్నానాలశాలకి పోయి ఒళ్ళు కందిపోయేలా రుద్దించుకుంది. పాత ఏప్రాన్లు పొయ్యిలో పెట్టింది. తెల్లన్నం వండి, సముద్రపు నాచు వేసి చారు కాచింది. నారేకి అదంటే ప్రాణం.

పొద్దుటి నుంచి జనం వచ్చి, ఖాళీ బాన చూసి, గొణుక్కుంటూ పోయారు. మధ్యాహ్నం హ్వాజా వచ్చింది.

"నేనేదో వాగానని ఇదంతా ఏంటక్కా?"

"నువ్వు నిజమే అన్నావు."

"మరి గుమ్మాలకి?"

"ఈ ఏడాదికి లేదు."

హ్వాజా గొంతు తగ్గించింది. "ఎర్రగింజలు ఆపేది మన పిల్లనొక్కదాన్నే కాదు. ఆ ఏట్లో ఎంతమంది పోయారో నీకూ తెలుసు."

"నాకు నా కూతురు కావాలే" అంది మాల్సుక్.  హ్వాజా తన పొయ్యి ఆర్పననీ, పక్కనే ఉంటాననీ, పిలిస్తే వస్తాననీ చెప్పి వెళ్ళింది.

అయిదున్నరకే చీకటి పడింది. చలికి సంత పెందలాడే సర్దుకుంది. ఒక్కో దీపమే ఆరింది. ఏటి మీంచి పొగమంచు లేచి, గట్టెక్కి, సందులోకి పాకింది. పైన కట్టిన టార్పాలిన్ల నుంచి ఎక్కడో బొట్టుబొట్టుగా నీళ్ళు పడుతున్నాయి. మాల్సుక్ తలుపు బార్లా తెరిచి, పళ్ళెం ముందు కూర్చుంది. అన్నం చల్లారింది. మళ్ళీ వేడి చేసింది. మళ్ళీ చల్లారింది.

అప్పుడు వినిపించింది. ఏటి వైపు నుంచి. రాయి మీద కాలు పెట్టిన చప్పుడు.

టప్...

కాసేపు ఏమీ లేదు.

టప్... టప్...

నాచు వాసన వచ్చింది. చారులోది కాదు. ఏటి అడుగు బురదలోది.   

గుమ్మంలో పిల్ల నిలబడి ఉంది.

అదే పసుపు స్వెట్టరు. మూడో గుండీకి నల్లదారం. తనే కుట్టింది, పసుపు దారం లేక. జుట్టు నుంచి నీళ్ళు కారుతున్నాయి. రెండు చేతులా మూట.

"అమ్మా... రావచ్చా?"

"రా తల్లీ. నీకోసమే తలుపు తీసి ఉంచాను. చూడు, ఇంట్లో ఒక్క ఎర్రగింజ లేదు."

పిల్ల రాలేదు. మూట ముందుకి చాపింది. "ముందు ఇది చూడు. నిండుగానే ఉంది."

మాల్సుక్ లేచి గుమ్మం దగ్గరికెళ్ళి, మూట అందుకుని ముడి విప్పింది. పసుప్పచ్చ సత్తుగిన్నె. పిడి పక్కన సొట్ట. మూత తీసింది.

ఎర్రజావ.

అంచు దాకా ఉంది. పిండి ఉండలు తేలుతున్నాయి. ఆవిరి వస్తోంది...

 "నారే... ఇది నీకు... భయం వెయ్యలేదూ?"

"నువ్వు వండిందేగా. భయమెందుకు?"

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు రాలేదే?"

పిల్ల తల దించుకుంది. "నువ్వే అన్నావుగా. ఒక్క చుక్క ఒలికినా గడప తొక్కొద్దని."

ఆ మాట ముప్పై ఒక్క ఏళ్ళ తరవాత, పిల్ల గొంతులో, ఆ విసుగు లేకుండా తిరిగొచ్చింది. 

"అంతా ఒలికిపోయిందమ్మా. నీళ్ళలో కలిసిపోయింది. ఏరేసరికి ఇంతసేపయింది."

మాల్సుక్ మోకాళ్ళ మీద కూర్చుని, ఒక చేత్తో గిన్నె పట్టుకునే పిల్లని వాటేసుకుంది. ఐసుగడ్డని పట్టుకున్నట్టుంది. రవిక తడిసి ఒంటికి అతుక్కుపోయింది. అయినా వదల్లేదు. "ఉత్తినే అన్నానే. బేరంలో పడి విసుక్కున్నానే తల్లీ. అంతా ఒలకబోసినా ఇది నీ ఇల్లేనే."

"అయితే తిట్టవా?"

"తిట్టను."

"వాళ్ళని కూడా తిట్టవా?"

మాల్సుక్ తలెత్తింది. "ఎవరిని?"

"నాకు సాయం పట్టినవాళ్ళని. నేనొక్కదాన్నే ఏరలేనుగా. మా అమ్మ అన్నం పెడుతుందని చెప్పాను. రమ్మన్నాను."

ఏటి వైపు... టప్. మళ్ళీ టప్. తరవాత మధ్యలో ఖాళీ లేకుండా.

పక్క కొట్లోంచి హ్వాజా గొంతు వచ్చింది. గోడకి నోరు ఆనించి మాట్లాడుతున్నట్టుంది. "అక్కా... నా గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. నీళ్ళు కారుతున్నాయి... నీ దగ్గర జావ ఏమన్నా ఉందా? ఒక్క చుక్కైనా చాలు. చల్లక్కా..."

గిన్నె మాల్సుక్ చేతిలోనే ఉంది. నిండుగా ఉంది. పిల్ల ఆ గిన్నెనీ, తల్లి మొహాన్నీ మార్చిమార్చి చూస్తోంది.

మాల్సుక్ మూత పెట్టేసింది. మెల్లగా, చుక్క ఒలకకుండా. గుడ్డ తిరిగి ముడేసి, బల్ల మీద పెట్టింది.

"అక్కా..." అంది హ్వాజా ఇంకోసారి. ఆ తరవాత ఏమీ అనలేదు.

మాల్సుక్ లేచి, అల్మరాలోంచి గిన్నెలు దించడం మొదలెట్టింది. కళ్ళ నీళ్ళకి ఏమీ కనబడటంలేదు. "ఎంతమందమ్మా?" అని అడిగింది.

నారే సందులోకి తిరిగి చూసింది. వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది. రెండు చేతుల వేళ్ళూ అయిపోయాయి. మళ్ళీ చిటికెనవేలు దగ్గర్నుంచి మొదలెట్టింది.