మాసయ్య నూనెలో పులుపెంత?

గద్వాల స్టేషను పక్కన పల్లీ నూనె కొనే కంపెనీకి పట్నం నుంచి బాలస్వామి అనే కెమిస్టు వచ్చాడు. నూనెలో పులుపెంతో తేల్చడం అతని పని. తక్కువైతే వంటకు, ఎక్కువైతే సబ్బుకు. ఏదైనా ఒక్క అంకెతో చెప్పడం అతనికి పాపం. వయసడిగితే "ఇరవై నాలుగు, అటూ ఇటూ ఓ వానకాలం" అనేవాడు.

గానుగ మాసయ్య కూతురు హన్మమ్మ సీసా తెచ్చి బల్ల మీద పెట్టింది.

"సారూ, మా నూనె సబ్బుకు పోతే నాయిన బజార్ల తలెత్తడు. జర మంచిగ చూడు."

అతను ఆమెను మంచిగా చూశాడు. రంగు మారేదాకా ఎంత మందు పడితే నూనెలో అంత పులుపున్నట్టు; ఈలోగా గాజు గొట్టంలోంచి చుక్కలుగా పడాల్సిన ఆ మందు ధారగా పడింది. లేత గులాబీ రంగు రావాల్సింది వంకాయ రంగొచ్చింది.

"ఎంతొచ్చింది?"

"రెండు. అటూ ఇటూ రెండు."

"అంటే సున్న గావొచ్చు, నాలుగు గావొచ్చు! గీమాత్రం నేను గూడ చెప్త."

"రేపు ఇంకో సీసా తే. మల్ల చూస్త."

ఆమె తెస్తూనే ఉంది, అంకె మారుతూనే ఉంది. గానుగ ఎద్దు కంటే హన్మమ్మే ఎక్కువ తిరుగుతోందని అయిజ ఊరి దాకా చెప్పుకున్నారు.

చివరికి మాసయ్యే వచ్చాడు. "ఒక్కటే నూనె, గిన్ని అంకెలేంది? నా ముందల చెయ్."

ఎన్నిసార్లు చేసినా ఒకటే అంకె. వంట నూనే! మాసయ్య మీసం దువ్వుతుండగా హన్మమ్మ తండ్రికి సద్ది మూట తీసుకుని లోపలికొచ్చింది. వెంటనే వంకాయ రంగు.

"నూనెల తప్పు లేదు, గొట్టంల లేదు," అన్నాడు మాసయ్య. "మా పిల్ల రాంగనే తప్పొస్తుంది. గంతేనా?"

బాలస్వామి గొట్టం పక్కన పెట్టాడు. "తప్పెక్కడిదో రిపోర్టుల రాయాలె. నీ బిడ్డ పేరు రాస్తే నౌకరి పోతది. రాయకుంటె అబద్ధమైతది. నాకు హన్మమ్మంటె ఇష్టం, మామా."

"ఎంత?" అంది హన్మమ్మ.

"కొలువలె. గొట్టం సాలది."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మాసయ్య మాత్రం నవ్వలేదు. బాగా ఆలోచించి తీర్పు చెప్పాడు.

"మనోళ్ల పిలగానివే. లగ్గం చేస్త. పొద్దుమాపు ఇంట్ల కనవడే పెండ్లాన్ని చూసి ఏ మొగోని చెయ్యి వణకదు. అలవాటైతది."

"గంత అలవాటు నేను గానియ్య, నాయినా," అంది హన్మమ్మ.