ముందే రాసిన వార్త

బుధవారం ఉదయం తొమ్మిది నలభై ఎనిమిదికి తిరువళ్లూరు స్టేషన్ ప్లాట్‌ఫారం మీద కన్నన్‌ను ఎవరో వెనుక నుంచి తోశారు. ఆ స్టేషన్‌లో ఆగని ఎక్స్‌ప్రెస్ ఒకటి అప్పుడే వస్తోంది. ఆఫీసు వేళ, కిక్కిరిసిన జనం. అయినా తోసిన చేతిని చూశామన్న మనిషి ఒక్కడూ లేడు. కన్నన్ కెమెరా పట్టాల పక్కన దొరికింది. అందులో ఉండాల్సిన మెమరీ కార్డు దొరకలేదు.

కన్నన్ విపత్తు హెచ్చరిక శాఖలో ఫొటోగ్రాఫర్. మంత్రులు రిబ్బన్ కత్తిరిస్తుంటే, కలెక్టర్లు ఫొటో కోసం చీపురు పట్టుకుంటే తీయడం అతని పని. శాఖకు తెలియని పని ఇంకొకటి ఉంది. అతను గూఢచారి సంస్థ బ్యూరోకు ఏజెంట్. అతని పై అధికారి, సీనియర్ ప్రెస్ ఆఫీసర్ లోకనాథం కూడా బ్యూరో మనిషే.

లోకనాథానికి యాభై నాలుగేళ్లు. బట్టతల, చొక్కా జేబులో రెండు పెన్నులు. వాటిలో ఒకటే రాస్తుంది. రెండోది మాటలు రికార్డు చేస్తుంది. తుపాకీ లేదు. ఉన్నా ఆ పొట్ట మీద దాచడానికి చోటు లేదు.

పదకొండు గంటలకు ఆయన కుర్చీలో కూర్చుని ప్రెస్‌నోట్ రాశాడు. ‘పట్టాలు దాటుతుండగా ప్రమాదవశాత్తు.’ ముప్పై ఏళ్లలో చాలా అబద్ధాలు రాశాడు గాని, ఒక్క వాక్యాన్ని మూడుసార్లు కొట్టేసి రాసింది ఇదే మొదలు. ఎందుకంటే కన్నన్ ఏ రైలు ఎక్కుతాడో హంతకులకు చెప్పింది తనే. ప్రతి మంగళవారం మర్నాటి డ్యూటీ లిస్టు రిపోర్టర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టడం ఆ ఆఫీసు ఆనవాయితీ. తోడు వచ్చేవాళ్లు వస్తారని. నిన్న కూడా పెట్టాడు. ‘కన్నన్, 9.50 లోకల్, తిరుత్తణి.’

ఫోన్ మోగింది.

“రెండో ఎడిషన్ ఉందా?” బ్యూరో చీఫ్ గొంతు. ఆయన కోడ్ పేరు ఎడిటర్.

“ఉంది. మొదటి పేజీ మారిపోయింది,” అన్నాడు లోకనాథం. మనవాడు ఒకడు పోయాడని దానికి అర్థం.

ఎడిటర్ సంతాపం చెప్పలేదు. బ్రీఫింగ్ ఇచ్చాడు. శుక్రవారం తిరుత్తణిలో శాఖవారి వాన హెచ్చరిక కేంద్రం ప్రారంభోత్సవం. వానతోపాటు, ఒక విదేశీ ముఠా తీరం వెంబడి పంపుకునే రేడియో సందేశాలను కూడా పట్టే యంత్రం అక్కడ బిగించారు. ఆ సందేశాలను విప్పే కీ ఒక్క మనిషి బుర్రలోనే ఉంది. డాక్టర్ వనజాక్షి, యంత్రాన్ని తయారు చేసిన శాస్త్రవేత్త. ఆమె శుక్రవారం ప్రెస్‌మీట్‌లో కూర్చుంటుంది. అక్కడే ఆమెను చంపాలని ముఠా ప్లాన్. వాళ్ల మనిషికి ప్రెస్‌మీట్ హాలు నక్షా అందిస్తున్న ఎవరినో ఫొటో తీశానని కన్నన్ మంగళవారం కబురు పెట్టాడు. ఆ ఎవరో ఎవరన్నది కార్డుతోపాటే పోయింది.

ప్రోగ్రాం రద్దు చేయమని లోకనాథం అడిగాడు. రద్దు చేస్తే ముఠా మళ్లీ ఎక్కడ, ఎప్పుడు దెబ్బ కొడుతుందో తెలియదని, ఇక్కడే పట్టుకోవాలని ఎడిటర్ అన్నాడు. హంతకుడు ఫొటోగ్రాఫర్ వేషంలో వస్తాడని సోర్స్ చెప్పిందట.

ఆ సోర్స్ నివేద. చెన్నైలో ఒక టీవీ చానల్ కరస్పాండెంట్, పుట్టింది పొన్నేరిలో. నల్ల కళ్లద్దాలు, జరీ లేని పట్టుచీర. ఆమె గదిలోకి వస్తే మంత్రుల ప్రసంగాలు కూడా కాస్త బాగుపడేవి. రెండేళ్లుగా ముఠాలో మనిషిగా నటిస్తూ వాళ్ల కబుర్లు బ్యూరోకు అందిస్తోంది.

సాయంత్రం ఆమె ఫోన్ చేసింది. కన్నన్ కోసం ఏడ్చింది. తర్వాత గొంతు సర్దుకుని, వనజాక్షి మేడం మీద ఒక ప్రొఫైల్ చేస్తున్నానంది. పుట్టిన తేదీ, సొంత ఊరు, భర్త పేరు, పిల్లలెందరు, ఒక పాస్‌పోర్టు సైజు ఫొటో కావాలంది. లోకనాథం ఫైలు తీసి పంపేశాడు. మనసు శవం దగ్గరున్నప్పుడు చేతులు అలవాటైన పని చేసుకుపోతాయి.

శుక్రవారం పది గంటలకల్లా హాలు నిండింది. మెటల్ డిటెక్టర్ల దగ్గర పోలీసులు ప్రతి కెమెరానూ విప్పి చూస్తున్నారు. ఆర్.కె.పేట నుంచి వచ్చిన పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ ఎలుమలైని పక్కగదిలో కూర్చోబెట్టి రెండు లెన్సులూ ఊడదీశారు. పాపం, అతని తప్పల్లా ఆ రోజు గడ్డం గీసుకోకపోవడమే. మైకులను ఎవరూ విప్పలేదు. చానల్ మైకులో ఇనుము ఉండక మరేముంటుంది?

రిబ్బన్ కత్తిరించారు. ప్రసంగాలు అయ్యాయి. వాటి సారాంశం చెప్పే ప్రెస్‌నోట్ ఉదయం ఎనిమిదికే ప్రింటయి లోకనాథం సంచిలో ఉంది. అన్ని ఆఫీసుల్లోనూ అంతే. జరగబోయేది జరిగినట్టు రాసిపెట్టుకుంటారు.

పదకొండున్నరకు వనజాక్షి ప్రెస్‌మీట్ బల్ల దగ్గర కూర్చుంది. ముందు వరుసగా ఏడు మైకులు. అప్పుడే స్థానిక పత్రిక రిపోర్టర్ మురుగన్ నోట్‌బుక్‌తో వచ్చి లోకనాథం చెవి దగ్గర వంగాడు. కన్నన్ చావువార్త నిన్న పేజీలో పట్టలేదని, ఈరోజు వేస్తున్నారని చెప్పాడు.

“వయసెంత సార్? ఊరేడ? పెండ్లాము పేరు, బిడ్డలెంతమంది? డెస్కోళ్లు అడగతా ఉండారు. ఒక పాస్‌పోర్టు సైజు ఫొటో ఉంటే చాలు.”

“నలభై ఒకటి. ఊరు వెంగల్. ఆయమ్మ పేరు అలమేలు. ఇద్దరు ఆడబిడ్డలు...”

ఇవే ప్రశ్నలు బుధవారం సాయంత్రం నివేద అడిగింది. వయసు, ఊరు, భర్తో భార్యో, పిల్లలెందరు, పాస్‌పోర్టు సైజు ఫొటో. బతికున్న శాస్త్రవేత్త గురించి రాసేవాళ్లు యంత్రం ముందు నిలబడ్డ ఫొటో అడుగుతారు, చదువు అడుగుతారు, అవార్డులు అడుగుతారు. ఈ ప్రశ్నలన్నీ పత్రికలవాళ్లు చావువార్తకే అడుగుతారు. నివేద వనజాక్షి చావువార్త బుధవారమే రాసిపెట్టుకుంది. అందరికన్నా ముందు తన చానల్లోనే రావాలని. ముఠా పనిలో ఏ తప్పూ చేయని మనిషి విలేకరి బుద్ధి పోనిచ్చుకోలేక దొరికిపోయింది.

ఆయన బల్లవైపు చూశాడు. ప్రతి మైకు వెనకాల దాని చానల్ మనిషి ఉన్నాడు, నివేద మైకు వెనకాల తప్ప. ఆమె హాలు చివర తలుపు దగ్గర ఒంటరిగా నిలబడి ఉంది. చేతిలో ఫోన్. బొటనవేలు స్క్రీన్ మీద.

మైకులో బాంబు అని అరిస్తే ఆమె నొక్కేస్తుంది. పరుగెత్తినా నొక్కేస్తుంది. అనుమానం రాకుండా నూటయాభై మందిని ఒక్క నిమిషంలో బయటికి పంపే విద్య లోకనాథానికి ఒక్కటే తెలుసు. వేదిక ఎక్కి, ఎప్పుడూ ఉండే విసుగు గొంతుతోనే చెప్పాడు. ప్రెస్‌మీట్ రద్దయింది. ప్రెస్‌నోట్, లంచ్ టోకెన్లు పక్క హాల్లో ఇస్తారు. టోకెన్లు కొన్నే ఉన్నాయి.

నలభై సెకన్లలో హాలు ఖాళీ అయింది. తలుపు దగ్గర ఆ తోపులాటలో నివేద ఫోన్ చూసుకోలేకపోయింది. ఒక్క వనజాక్షి లేవలేదు. మూడు రోజులు కష్టపడి స్లైడ్లు చేసుకున్నానని, ఎవరిని అడిగి రద్దు చేశారో చెప్పేదాకా కదలనని బల్ల మీద చేయి వేసి కూర్చుంది. ఆమె చేతికి జానెడు దూరంలో నివేద మైకు ఉంది.

లోకనాథం ఆ మైకు తీసుకున్నాడు. మామూలు మైకుకు మూడింతల బరువు. దాన్ని పొట్టకు అదుముకుని నేరుగా నివేద వైపు నడిచాడు. యాభై అడుగులు. భయం వేసింది, బాగా వేసింది. నివేద నవ్వు మాసిపోవడం ఆయనకు కనిపిస్తూనే ఉంది.

“దాన్ని ఏడకి తెస్తా ఉండావన్నా?”

“నీదే కదమ్మా. నీకే ఇస్తామని.” దగ్గరికి వెళ్లి ఎడమచేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాడు. మైకు ఇద్దరి మధ్యా ఉంది. “నొక్కు. ఇద్దరమూ పోతాము.”

ఆమె బొటనవేలు స్క్రీన్ మీదికి వంగింది. గోరు అద్దాన్ని తాకింది. లోకనాథం కళ్లు మూసుకోలేదు. ఆ వేలునే చూస్తూ నిలబడ్డాడు. చివరికి ఆ వేలు వెనక్కి పోయింది. చంపడానికి వచ్చిన మనిషికి చావాలని లేదు.

ఫోన్ లాక్కున్నాక, ఆయన అడగాల్సిన ప్రశ్న ఒకటే మిగిలింది. కన్నన్‌ను తోసిందెవరని అడిగాడు.

“ఎవురైతే ఏమి? ముఠావోడు ఒకడు,” అంది నివేద. “నేను తోయలేదన్నా. కార్డులో ఉండేది నా ఫొటో. వాడు ఏ రైలుకి పోతాడని అడిగినారు, చెప్పినా. ఆ లిస్టు గ్రూపులో పెట్టింది నువ్వే కదా. నేను చదివినా, అంతే.”

జేబులోని రెండో పెన్ను ఆ మాటలన్నీ రికార్డు చేసుకుంది. బ్యూరోకు అది సాక్ష్యం. లోకనాథానికి అది జీవితాంతం వినాల్సిన టేపు. ఆమె అబద్ధం చెప్పి ఉంటే బాగుండునని ఆయనకు అనిపించింది.

మైకును ఊరి బయట చెరువుగట్టు దగ్గర పేల్చారు. క్వారీలో రాళ్లు పేలుస్తున్నారని జనం అనుకున్నారు. మర్నాడు పేపర్లలో ప్రారంభోత్సవం నాలుగు కాలమ్స్ వచ్చింది. బాంబు గురించి ఒక్క ముక్క లేదు. ఎడిటర్ ఫోన్ చేసి, బాగుంది, అని మాత్రం అన్నాడు. ఆదివారం లోకనాథం వెంగల్ వెళ్లాడు. కన్నన్ రోజూ దాటే పట్టాలే కదా అని అలమేలు అడిగింది. ఎలా పడిపోయినాడు సార్ అని మళ్లీ మళ్లీ అడిగింది. ఆయన తలవంచుకుని తను రాసిన ప్రెస్‌నోట్‌లోని మాటలే చెప్పాడు.

సోమవారం టపాలో ఆయన మీద ఫిర్యాదు వచ్చింది. సీనియర్ ప్రెస్ ఆఫీసర్ బాధ్యత లేకుండా ప్రెస్‌మీట్ రద్దు చేశారు, కారణం చెప్పలేదు, నా ముందున్న మైకు లాక్కుపోయారు, కఠిన చర్య తీసుకోవాలి. రెండు పేజీలు, కింద డాక్టర్ వనజాక్షి సంతకం. పై అధికారి సంజాయిషీ అడిగాడు. సౌండ్ సిస్టంలో లోపం వల్ల అని లోకనాథం ఒక్క వాక్యం రాసిచ్చాడు. ఫిర్యాదును మాత్రం ఫైలులో పెట్టకుండా సొరుగులో దాచుకున్నాడు. ఎంత ఘాటుగా ఉన్నా, బతికున్నవాళ్లు మాత్రమే రాయగలిగిన ఉత్తరం అది.