కట్టు విప్పిన చెయ్యి

ఆ పెద్దాసుపత్రిలో మూల మంచం పేరెత్తితే పాత ఆయాలు కూడా గుటకలు మింగుతారు. తెల్లారుజామున దాని పక్కన ఒంటరిగా నిలబడితే చెయ్యి లేచి పీక పట్టుకుంటుందట... అక్కడ చచ్చినవాడెవడో ఇంకా మంచం దిగలేదట!

ఇది ఆ వార్డు నర్సు నోట నేను విన్న సంగతి.

అన్నదమ్ములిద్దరిది వెల్డింగు షెడ్డు. ఓ మధ్యాహ్నం పనివాళ్ల ముందు అన్న తమ్ముడి చెంప ఛెళ్లుమనిపించాడు. సాయంత్రం అందరూ వెళ్లాక తమ్ముడు వెనక నుంచి ఇనుప కడ్డీ దించాడు. ఒకటి కాదు, మూడు దెబ్బలు. పుర్రె చిట్లింది.

"నిచ్చెన మీంచి పడ్డాడు" అన్నాడు అందరితో. చేసిన పాపానికి అబద్ధాన్ని కాపలా పెట్టాడు.

మెదడు వాచిందని డాక్టరు అన్నని ఆ మూల మంచం మీదే మందుతో నిద్రలో ఉంచాడు. గొంతులో గొట్టం. ఊపిరికి మిషను.

"మా మాటలు వినిపిస్తాయా డాక్టరుగారూ?" అని వదిన అడిగింది.

"చెప్పలేమమ్మా. మాట్లాడుతూనే ఉండండి."

"లేచాక... జరిగిందంతా గుర్తుంటుందా?" అన్నాడు తమ్ముడు.

"కొందరికి ఉంటుంది."

ఆ మాటతో అతనికి కంటిమీద కునుకు పోయింది.

"చేతులెందుకు కట్టారమ్మా?" అని నర్సునీ అడిగాడు.

"సగం మెలకువలో గొట్టం పీకేసుకుంటారు బాబూ. పీకితే ఈయన ప్రాణం దక్కదు."

దారి దొరికింది.

మూడో రాత్రి, "ఇంటికెళ్లి కాస్త నడుం వాల్చు వదినా, నేనున్నాగా" అన్నాడు.

"నువ్వున్నావు, అదే నా ధైర్యం" అని వెళ్లిందావిడ.

నాలుగు దాటింది. ఆయా తెర పక్కనుంచి గుసగుసలాడింది — "మరీ దగ్గరగా నిలబడకయ్యా. పీక జాగ్రత్త!"

"చచ్చినవాళ్లకి అంత బలమెక్కడిది ఆయమ్మా!" అని నవ్వి తెర లాగేశాడు.

అన్న కుడిచేతి కట్టు విప్పాడు. అన్నే పీకేసుకున్నట్టు కనపడాలి కదా... ఆ వేళ్లని గొట్టం దగ్గర పెట్టి వంగాడు.

"పడుకో అన్నా... ఇక లేవకు..."

వేళ్లు కదిలాయి.

గొట్టాన్ని కాదు — అతని పీకని పట్టుకున్నాయి!

అన్న కళ్లు తెరుచుకున్నాయి. ముప్పయ్యేళ్లు ఇనుము వంచిన చెయ్యి అది. గోళ్లు మెడలో దిగి రక్తం చిమ్మింది. గింజుకునేకొద్దీ అతని తల మంచం కమ్మీకి కొట్టుకుంది... ఒకసారి... మళ్లీ... కనుబొమ చీలిపోయింది.

"వదులన్నా! కడ్డీతో కొట్టింది నేనే... చంపకు... వదులు!"

తెర తొలిగింది. ఎదురుగా నర్సు, ఆయా. ఆ వేళ్లు విడదీయడానికి నలుగురు కావలసి వచ్చింది.

దెయ్యమూ లేదు, భూతమూ లేదు. ఊపిరి మిషను మీదున్న రోగుల్ని ఆ మూల మంచంలోనే పడుకోబెడతారు; కదులుతారో లేదో చూడటానికి రోజూ తెల్లారుజామున నాలుగింటికి నిద్రమందు తగ్గిస్తారు. మెలకువ రాగానే, కట్టు వదులైతే, భయంతో చేతికందినదాన్ని పట్టుకుంటారు. మందు నిద్ర ఎప్పుడూ ఒక్కలాగే ఉంటుందనుకున్నాడు తమ్ముడు. అది అడగాలని మాత్రం అతనికి తోచలేదు.

అయిదో రోజు గొట్టం తీశారు. పోలీసాయన మంచం పక్కన కూర్చుని ఎన్ని విధాల అడిగినా, అన్నకి చెంపదెబ్బ గుర్తులేదు. కడ్డీ గుర్తులేదు. ఆ తెల్లారుజాము పెనుగులాటా గుర్తులేదు.

గీరుకుపోయిన గొంతుతో పెళ్లాన్ని ఒక్కటే అడిగాడు —

"తమ్ముడేడే? తిన్నాడా వాడు?"