జడ్జి ఇచ్చిన రెండు మార్కులు

“రెండు,” అంది జడ్జి. “పదికి రెండు. అదీ ఏనుగు బొమ్మ ముద్దుగా ఉందని.”

కంప్యూటర్ ల్యాబ్‌లో పిల్లలంతా గొల్లుమన్నారు. పెద్ద తెర మీద ఒక బూడిదరంగు ఏనుగు మూసి ఉన్న తలుపు ముందు నిలబడి ఉంది. పక్కనే ఒక తాబేలు. దాని తల డిప్పలోపలే ఉంది. జడ్జి ఎన్నిసార్లు నొక్కినా తాబేలు తల బయటపెట్టలేదు, తలుపు తెరుచుకోలేదు.

జడ్జి అంటే కోర్టులో జడ్జి కాదు. ఆరో తరగతి అమ్మాయి. వీడియో గేములన్నా, యానిమేషన్ సినిమాలన్నా ప్రాణం. అంత ఇష్టం కాబట్టే వాటిని ఉతికి ఆరేస్తుంది. హీరో పక్కన వాగుడుకాయ ఉడుత ఒకటి ఉంటే ఒక మార్కు కట్. ఏడిపించాల్సిన చోట వాన కురిపిస్తే ఇంకో మార్కు కట్. సినిమా అంతా అందరినీ పీడించిన విలన్ చివర్లో సారీ చెప్పి డాన్సు చేశాడా, ఇక సున్నాయే. “డాన్సు చేస్తే చేసిన పనులన్నీ పోతాయా?” అని అడుగుతుంది.

ఒట్టి నోటి దురుసు అనుకునేరు. కాదు. ఒక సినిమాలో రాకుమారి మెట్లెక్కేటప్పుడు ఎడమచేతికున్న గడియారం, దిగేటప్పుడు కుడిచేతికి మారింది. స్కూలు మొత్తంలో అది పట్టుకున్నది ఈ పిల్ల ఒక్కతే. అప్పట్నుంచి ఆమె పేరు జడ్జి అయిపోయింది. ఆమె బాగుందంటే బాగున్నట్టు, బాలేదంటే బాలేనట్టు.

తల్లిదండ్రులు స్కూలు చూడటానికి వచ్చే రోజు దగ్గరపడింది. ఆ రోజు హాల్లో పెద్ద తెర మీద పిల్లలు తయారుచేసిన గేము ఒకటి ఆడిస్తారు. ఒక్కటే. పోటీలో రెండున్నాయి. ఒకటి కారు రేసు, ఒకటి ఏనుగు. ముందు జడ్జి అందరి ఎదుటా రెండూ ఆడి మార్కులు చెప్పాలి. తర్వాత మిగతావాళ్లు చేతులెత్తి ఓటు వెయ్యాలి. ఇదీ ల్యాబ్ పద్ధతి.

కారు రేసు చేసినవాడిని అందరూ టర్బో అంటారు. వాడి కాళ్ల సంగతేమో గానీ, నోరు మాత్రం యమా స్పీడు. ఎవరైనా మాట మొదలుపెడితే చాలు, మిగతా సగం వాడే చెప్పేస్తాడు.

ఏనుగు గేము చేసిన అమ్మాయి గుసగుస. ఆమె గొంతు చాలా చిన్నది, అందుకే ఆ పేరు. పైగా మాటకీ మాటకీ మధ్య కాస్త ఆగుతుంది. ఆగిన చోటల్లా ఎవరో ఒకరు దూరిపోతారు. అందుకని ఆమె మొదలుపెట్టిన మాట ఆమె నోటితోనే పూర్తవటం తక్కువ.

ఇప్పుడూ అదే జరిగింది.

“అది... తలుపు దగ్గర... కొంచెం...” అంది గుసగుస.

“కొంచెం గట్టిగా నొక్కాలి, అంతేగా!” అన్నాడు టర్బో.

“కాదు... తాబేలు...”

“చూడు,” అంటూ జడ్జి చెయ్యి అడ్డం పెట్టింది. “గేము చేసినవాళ్లు పక్కన నిలబడి వివరంగా చెప్పాల్సి వస్తే అది మంచి గేము కాదు. నీ తలుపు తెరుచుకోవట్లేదు. అంటే బగ్ ఉన్నట్టు. పైగా కథే లేదు. నేను రెండుకి ఒక్కటి కూడా పెంచను.”

ఓట్లు వేశారు. కారుకి చేతులే చేతులు. ఏనుగుకి ఒక్క చెయ్యి కూడా లేవలేదు. గుసగుస కూడా ఎత్తలేదు.

కంప్యూటర్ సార్ అప్పటిదాకా బల్లకింద దూరి ప్రింటర్ వైర్లతో కుస్తీ పడుతున్నారు. దుమ్ము దులుపుకుంటూ లేచారు. “అయిందా? సరే, రేపు లంచ్ తర్వాత గేము పేరు హెడ్‌మిస్ట్రెస్ గారికి ఇచ్చేస్తా. ఈలోపు ఎవరైనా ఏమైనా చెప్పాలనుకుంటే చెప్పండి.”

అందరూ బ్యాగులు తగిలించుకుంటుంటే గుసగుస సార్ దగ్గరికి వెళ్లింది. “సార్... మా అమ్మ ఆ రోజుకి... సెలవు అడిగింది. పెద్ద తెర మీద చూద్దామని...” ఆ తర్వాత ఏమందో వినబడలేదు.

జడ్జి అప్పుడే వాళ్ల పక్కనుంచి నడిచి వెళ్తోంది. ఆమెకి మనసు చివుక్కుమంది. కానీ అమ్మ సెలవు పెట్టిందని ఎవరైనా గేముకి మార్కులు వేస్తారా? వెయ్యరు. వేస్తే ఆమె జడ్జి ఎలా అవుతుంది? తలెత్తుకుని బయటికి నడిచింది.

*

జడ్జి వాళ్ల నాన్న టైలర్. ఇంటి ముందుగదే ఆయన షాపు. గోడవారగా కుట్టుమిషను, మధ్యలో బట్ట కత్తిరించే పొడుగు బల్ల, దాని మీద ఎప్పుడూ సగం సగం చొక్కాలు.

“నాన్నా, ప్రపంచంలోకెల్లా చెత్త తలుపు చూస్తావా?” అంటూ జడ్జి ట్యాబ్ తెచ్చింది. మార్కులు వెయ్యడానికని సార్ ఆమెకి రెండు గేములూ అందులో ఎక్కించి ఇచ్చారు. ట్యాబ్‌ని బల్ల మీద బట్ట తానుకి ఆనించి, ఏనుగుని తలుపు దాకా నడిపించింది.

“తలుపు తర్వాత చూద్దాం తల్లీ, ముందు ఈ ట్యూబ్‌లైట్ సంగతి చూడాలి,” అన్నాడు నాన్న. “ఈ గుడ్డి వెలుగులో సూదిలోకి దారం కాదు కదా, సూదే కనబడట్లేదు. ఇలా వచ్చి స్టూలు పట్టుకో.”

“ఒక్క నిమిషం నాన్నా!”

“ఎక్కేశాను. పట్టుకో, పట్టుకో! రెండు చేతులతో! దీనికి ఒక కాలు కుంటి. నువ్వు వదిలావంటే నాకూ ఒక కాలు కుంటే.”

జడ్జి పరుగెత్తి స్టూలు పట్టుకుంది. సరిగ్గా అప్పుడే తెర మీద తాబేలు మెల్లగా తల బయటపెట్టింది.

“ఏనుగూ... వచ్చావా...” అంది తాబేలు.

స్కిప్ నొక్కుదామని జడ్జి చెయ్యి దానంతట అదే కదిలింది. గేముల్లో ఎవరైనా మాట్లాడటం మొదలుపెడితే స్కిప్ కొట్టడం ఆమెకి అలవాటు. రెప్ప వేసినంత సులువుగా కొట్టేస్తుంది. కానీ ట్యాబ్ బల్ల అవతల ఉంది. చేతులు స్టూలు మీద ఉన్నాయి.

“కూర్చో... తొందరేం లేదు...”

“ఇది మొదలెట్టిందంటే ఆగదు నాన్నా! త్వరగా కానియ్యి!”

“స్టార్టర్ కూచోవట్లేదమ్మా. కాస్త ఓపిక పట్టు.”

జడ్జి కాలు చాపింది. బొటనవేలితో ట్యాబ్ నొక్కవచ్చేమో అనుకుంది. స్టూలు ఊగింది. పైన నాన్న “అమ్మో!” అని కేక పెట్టాడు. జడ్జి గబుక్కున కాలు వెనక్కి తీసుకుని, గత్యంతరం లేక వింది.

“నువ్వు అంత జోరుగా పరుగెత్తావు... నీ నీడ నీతో రాలేక వెనకబడిపోయింది... దారిలో నాకు కనబడింది... నాతో పాటు మెల్లగా నడిచొచ్చింది...” తాబేలు కాస్త ఆగింది. “ఈ తలుపుకి తాళం లేదు ఏనుగూ... నేను మాట్లాడుతుంటే అందరూ మధ్యలోనే వెళ్లిపోతారు... అందుకే ఎవరూ లోపలికి రాలేదు... నా మాట అయ్యేదాకా నువ్వు ఉన్నావు కదా... ఇక వెళ్లు...”

తలుపు తెరుచుకుంది.

జడ్జి నోరు కూడా తెరుచుకుంది. తాబేలుకి గొంతు ఇచ్చింది గుసగుసే. ఒకే తరగతిలో చదువుతున్నా, ఆ గొంతుని ఇంతసేపు వినడం ఆమెకి ఇదే మొదటిసారి.

“అదేంటే, తెరుచుకుందిగా!” అన్నాడు నాన్న పైనుంచి. “చెత్త తలుపన్నావు?”

“ఇవాళ ల్యాబ్‌లో తెరుచుకోలేదు.”

“ఎన్ని మార్కులిచ్చావు?”

“రెండు.”

“తాబేలు చెప్పింది వినకుండానే?”

జడ్జి స్టూలుని ఇంకా గట్టిగా పట్టుకుంది. లైటు వెలిగాక నాన్న స్టూలు దిగి, మిషను ముందు కూర్చున్నాడు.

జడ్జి ట్యాబ్ తీసుకుని బల్ల కిందకి దూరింది. తలుపు వెనక పెద్ద పెరడు. అక్కడ తీగల మీద బట్టలు ఆరేసినట్టు నీడలు ఆరేసి ఉన్నాయి. కుర్చీ నీడ, సైకిలు నీడ, గొడుగు నీడ, ఎవరిదో తోక నీడ. వాటిలో ఏనుగు తన నీడని వెతుక్కోవాలి. జడ్జి పొరపాటున గొడుగు నీడ తొడిగింది. అంత పెద్ద ఏనుగు వెనకాల గొడుగు నీడ తకతకలాడుతూ వస్తుంటే, పొట్ట పట్టుకుని నవ్వింది. సరైన నీడ దొరికి, అది మెల్లగా వచ్చి ఏనుగు కాళ్లకి అతుక్కున్నప్పుడు మాత్రం నవ్వలేదు. వాన కురిపించకుండానే ఆ పిల్ల తనని ఏడిపించేలా ఉంది!

కథ లేదని అంది తను. కథ ఉంది. నొక్కుతున్నంతసేపూ తాబేలు తల బయటపెట్టదు, ఆగితేనే పెడుతుంది. తనే ఆ కథని వేలితో నొక్కేసింది. ఇన్నాళ్లూ “కథ లేదు” అని మార్కులు కోసిన గేముల్లో ఎన్నింటి కథ ఇలాగే దాటేసిందో! తలుచుకుంటే జడ్జికి తల కొట్టేసినట్టయింది.

ల్యాబ్‌లో గుసగుస అన్న మాట గుర్తొచ్చింది. తలుపు దగ్గర కొంచెం ఆగమని చెప్పబోయింది పాపం. ఆ ఒక్క మాట చెప్పడానికి కూడా ఎవరూ ఆగలేదు.

*

మర్నాడు జడ్జి తరగతికి కాకుండా నేరుగా ల్యాబ్‌కి వెళ్లింది.

“ఏనుగు గేమా?” అన్నారు సార్. “తీసెయ్యమందమ్మా ఆ అమ్మాయి. కాపీ కూడా ఉంచొద్దంది. లంచ్‌లో తీసేద్దామని...”

“వద్దు సార్!” జడ్జి దాదాపు అరిచింది. “లంచ్‌లో అందర్నీ పిలవండి సార్, ప్లీజ్. నేను తప్పు చెప్పాను.”

జడ్జి నోటివెంట ఆ మాట వినడం సార్‌కి కొత్త. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. “సరే. తన గేము కాబట్టి ముందు తనని అడుగుతాను,” అన్నారు.

లంచ్ టైముకి ల్యాబ్ నిండిపోయింది. గుసగుస కూడా వచ్చింది. తలుపు పక్కనే, వెళ్లిపోవడానికి వీలుగా నిలబడింది.

జడ్జి ముందుకొచ్చి నిలబడింది. చెవులు వేడెక్కాయి. అయినా గొంతు తగ్గించలేదు. “నిన్న నేను ఏనుగు గేముకి రెండు మార్కులిచ్చాను. ఆ గేము నేను ఆడలేదు. తలుపు దాకా ఆడి, మిగతాది ఆడినట్టు మాట్లాడాను. బగ్ గేములో లేదు. ఇప్పుడు మళ్లీ ఆడతాను. చూసి మీరే చెప్పండి.”

ఏనుగు తలుపు దాకా నడిచింది. తాబేలు తల బయటపెట్టింది.

“స్కిప్ కొట్టు, స్కిప్ కొట్టు!” అని అరిచాడు టర్బో.

జడ్జి తన రెండు చేతుల్నీ కుర్చీ మీద పెట్టి వాటి మీద కూర్చుంది. అది చూసి కొందరు నవ్వారు. తాబేలు మాట్లాడుతూ ఉంది. మొదట వెనక బెంచీల వాళ్లు కదిలారు, ఎవరో ఆవలించారు. “ఎవరూ లోపలికి రాలేదు...” అని తాబేలు అనేసరికి మాత్రం అందరూ నోరు మూసుకున్నారు. తలుపు తెరుచుకుంది. ల్యాబ్ దద్దరిల్లింది. గొడుగు నీడ దగ్గర సార్ కూడా పగలబడి నవ్వారు.

“ఏడున్నర,” అంది జడ్జి, ఆట అయ్యాక.

“ఏడున్నరేనా!” అన్నారెవరో.

“ఏడున్నరే. ఆ సంగీతం ఒకటే మోత, చెవులు పోతున్నాయి. ఏనుగు గోడ మూలలో ఇరుక్కుంటోంది. అవి సరిచేస్తే అప్పుడు చూస్తా. తలుపుకి మాత్రం పదికి పది. అలాంటి తలుపు నేను ఏ గేములోనూ చూడలేదు.”

గుసగుస ముఖం ఎర్రబడింది. “సంగీతం... మారుస్తాను,” అంది.

సార్ మళ్లీ ఓట్లు అడిగారు. ఒక్కొక్క చెయ్యే లేచింది. టర్బో తన కారు గేము వంకా, పెద్ద తెర వంకా మార్చి మార్చి చూశాడు. “సరేలే, నా కారు ఇంట్లో తోలుకుంటా,” అని చెయ్యెత్తాడు. సార్ ఏనుగు గేము పేరు కాగితం మీద రాసుకున్నారు.

గుసగుస తలుపు దగ్గర్నుంచి నాలుగడుగులు ముందుకు వచ్చింది. “అసలు... ఈ గేము నేను... ఎందుకు చేశానంటే...”

“మీ ఇంట్లో తాబేలుంది, అంతేగా!” అన్నాడు టర్బో.

జడ్జి దగ్గర కూడా ఒక జవాబు సిద్ధంగా ఉంది. టర్బో చెప్పినదానికంటే చాలా మంచిది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. దాన్ని మింగేసి, టర్బో వైపు తిరిగి వేలు పెదాల మీద పెట్టింది.

“మా అమ్మ... ఫోన్‌లో...” అని గుసగుస మొదలుపెట్టింది. అంతలో లంచ్ అయిపోయిన గంట మోగింది. పిల్లలు లేచారు. బెంచీలు కిర్రుమన్నాయి. గుసగుస అలవాటు ప్రకారం మాట ఆపేసి తల దించుకుంది.

జడ్జి లేవలేదు. గుసగుసకి ఎదురుగా కుర్చీ జరుపుకుని కూర్చుంది.

“ఇంకా అవలేదుగా,” అంది. “చెప్పు. నేనున్నాను.”