కళ్లు మూసుకుని అన్న మాటలు

శనివారం పొద్దున్న ప్రసన్నకుమారి వంటింట్లో పీట మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే పక్కగదిలోంచి ఆవిడ గొంతు ఆవిడకే వినిపించింది.

"ప్రభువా, చదువుల పేరుతో గడప దాటేవాళ్లను కాపాడు తండ్రీ. ఇల్లంటే ఏంటో వాళ్ల మనసుకు తెలియజెయ్యి."

నిన్న సాయంత్రం తను చేసిన ప్రార్థన అది. గొంతు ఆగింది. మళ్లీ అదే మాట మొదటి నుంచి వినిపించింది.

ఆవిడ లేచి కర్టెను పక్కనుంచి చూసింది. కోడలు ఆశాజ్యోతి మంచం మీద ఫోను పెట్టుకుని, వింటూ ఏదో రాసుకుంటోంది. అలికిడికి ఫోనును గబుక్కున తలగడ కిందికి తోసేసింది. బస్సు టైమైందంటూ బ్యాగు సర్దుకుని, గోదావరి బ్రిడ్జి దాటి రాజమండ్రిలో క్లాసుకి వెళ్లిపోయింది. తలగడ కింది ఫోను తీసుకుపోవడం మాత్రం మరిచిపోలేదు.

ఆ ఇంట్లో ఎవరూ గొంతు పెంచి పోట్లాడుకోరు. చీకటిపడే వేళ కుటుంబ ప్రార్థన ఉంటుంది. ప్రసన్నకుమారి ఎవరినైనా ఏమైనా అనాలంటే అప్పుడే, దేవుడితో అంటుంది. చారులో ఉప్పు ఎక్కువైన రోజున, పెట్టింది పెట్టినట్టు తినే సహనం ఇచ్చినందుకు స్తోత్రం చెప్పుకుంటుంది. కొడుకు సాల్మన్ తలవంచుకుని ఆమెన్ అంటాడు. కోడలు కూడా ఆమెన్ అంటుంది. ఎదురు చెప్పడానికి అక్కడ చోటుండదు.

ఆశ కొవ్వూరులోనే ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెబుతోంది. కిందటేడు ఎమ్మేలో చేరింది. రెటరిక్ అండ్ కంపోజిషన్ అట. అదేం చదువని అత్తగారు అడిగితే, ఎలా మాట్లాడితే ఎదుటివాళ్లు ఒప్పుకుంటారో, ఎలా రాస్తే నమ్ముతారో నేర్పే చదువని సాల్మన్ చెప్పాడు. మనుషుల్ని ఒప్పించడానికి కూడా డిగ్రీ కావాలా, ఎవరిని ఒప్పించాలని ఈ పిల్ల ఇంత తాపత్రయపడుతోందని అప్పుడే ఆవిడకు అనుమానం వచ్చింది. ఇప్పుడు ఆ అనుమానానికి ఆధారం దొరికినట్టయింది.

ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక, స్త్రీల సమాజంలో తనతోపాటు ఉండే రూబీని పక్కకు పిలిచి విషయం చెప్పింది. తునిలో తమ చుట్టాల కోడలు ఇలాగే అత్త మాటలు ఫోన్లో రికార్డు చేసి పెద్దమనుషుల ముందు పెట్టి వేరుకాపురం సాధించుకుందని రూబీ చెప్పింది.

"నువ్వేమీ తెలియనట్టే ఉండు వదినా. నోరు మాత్రం జాగ్రత్త," అంది.

ఆ సాయంత్రం నుంచి ప్రసన్నకుమారి సొంత మాటలేవీ కలపకుండా, అందరికీ కంఠతా వచ్చిన పరలోక ప్రార్థన ఒక్కటి చెప్పి ముగించేస్తోంది. తొందరగా అయిపోతున్నందుకు సాల్మన్ లోపల సంతోషించినట్టే ఉన్నాడు. కోడలి ముఖంలో మాత్రం కంగారు. రెండుమూడు రోజులు చూసి, ఒంట్లో బాగాలేదా, ప్రార్థన ఎందుకు తగ్గించేశారని మెల్లగా అడిగింది. బాగానే ఉన్నానంది అత్తగారు. ఇంకా చాలలేదన్నమాట, సరుకు కావాలన్నమాట అనుకుంది మనసులో.

అప్పట్నుంచి ప్రతీదీ అనుమానమే. ఆశ డాబా మీదకెళ్లి ఫోను మాట్లాడితే పుట్టింటికి చెబుతోందనిపించేది. సాల్మన్ ఏ అద్దె ఇంటి గురించి మాట్లాడినా వేరుకాపురానికేననిపించేది. ఒక సాయంత్రం, ఆశ తన ఫోనును ఎప్పటిలా బైబిలు పక్కనే బోర్లించి పెట్టడం చూశాక ఆవిడ ఇక ఆగలేకపోయింది. కళ్లు మూసుకుంది.

"ప్రభువా, నీ సన్నిధిలో చెప్పుకున్న మాటల్ని దొంగిలించి దాచుకునేవాళ్లున్నారు. ఇల్లు చీల్చాలని చూసేవాళ్లున్నారు. వాళ్లను నువ్వే చూసుకో తండ్రీ. ఆమెన్."

సాల్మన్ ఆమెన్ అన్నాడు. రెండో గొంతు వినపడలేదు.

"కళ్లు తెరవండి అత్తయ్యగారూ," అంది ఆశ. "ఆ మాట నాతో అనండి."

ప్రసన్నకుమారి కళ్లు తెరిచింది. "అంటాను. నేను దేవుడితో చెప్పుకునేది నువ్వు దొంగచాటుగా వింటావా?"

"దొంగచాటుగా రికార్డు చేశాను. అది తప్పే. కానీ వినడం దొంగచాటు ఎలా అవుతుందండీ? నాకు వినపడాలనే కదా అన్నారు?"

సాల్మన్ లేవబోయి మళ్లీ కూర్చున్నాడు.

తన చదువుకు చివర్లో ఒక పరిశోధన వ్యాసం రాయాలని ఆశ చెప్పింది. పైకి ఒకరితో మాట్లాడుతూ ఇంకొకరికి చేరేలా చెప్పడం మీద రాస్తున్నానంది. ముందే అడిగితే అత్తగారు ప్రార్థనలో మాటతీరు మార్చేస్తారని భయపడి అడగలేదట.

"పెళ్లయిన దగ్గర్నుంచి మీరు నాతో ఒక్క మాటా నేరుగా అనలేదండి. నామీద మీకేముందో తెలుసుకోవాలంటే నాకు ప్రార్థన ఒక్కటే దిక్కు. అక్షరం పోకుండా వినడం అలాగే అలవాటైంది." ఫోను తీసి అత్తగారి ముందు పెట్టింది. "తీసెయ్యమంటే అన్నీ తీసేస్తాను. వ్యాసం పోతే పోయింది."

"ముందు వినిపించు," అంది ప్రసన్నకుమారి. తను ఎంతెంత మాటలందో, ఈ పిల్ల ఎవరికి చూపించబోతోందో తేలాలి.

వింది. తన గొంతు అందరికోసమూ వేడుకుంటోంది. సాల్మన్ ప్రమోషను, పాస్టరుగారి కంటి ఆపరేషను, రూబీ మనవరాలి పరీక్షలు, పాలు పోసే చంద్రరావు కాలి నొప్పి, అందరూ పేరుపేరునా ఉన్నారు. ఇంకోటి పెట్టమంది. అందులోనూ అంతే. కోడలి దగ్గరికొచ్చేసరికి 'వాళ్లు', 'కొందరు', 'గడప దాటేవాళ్లు'.

ఆవిడ చెయ్యి చాచి ఫోను ఆపింది.

"నీ పేరెక్కడా ఎత్తలేదా నేను?"

"లేదండి."

"ఒక్కసారైనా?"

ఆశ తల అడ్డంగా ఊపింది.

ప్రసన్నకుమారి పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అలవాటుగా కళ్లు మూతపడబోయాయి. బలవంతాన తెరిచి ఉంచింది.

"ఆశా, నువ్వు శనివారం బస్సెక్కితే తిరిగొచ్చేదాకా గుమ్మం వైపే చూస్తుంటాను. ఇంత చదివినదానివి, నాలాంటిదానితో నీకేం పని, ఏదో ఒకరోజు సాల్మన్‌ని తీసుకుని వెళ్లిపోతావని నా భయం. అంతే. చదువు మీద నాకేం కోపం లేదు."

కోడలు దగ్గరగా వచ్చి కూర్చుంది. ప్రసన్నకుమారి కన్నీళ్లు తుడుచుకుంటూనే ఫోను ఆమె చేతిలో పెట్టింది.

"నాకు చెప్పకుండా తీసుకున్నవి తీసెయ్. రేపట్నుంచి అడిగి తీసుకో."

ఆశ ఒక్కొక్కటీ తీసేసింది. అంతా అయ్యాక, కళ్లు తుడుచుకుని, మొహమాటంగా అడిగింది.

"ఇప్పుడు మీరన్న మాట రాసుకోనాండీ?"

"అది వద్దు," అంది ప్రసన్నకుమారి. "అది నీతో అన్నాను."